అడవి ఫోటోలకు రెండో కెమెరా బాడీ: ఎంపిక మొదలుకొని ఫీల్డులో మొదటి ఉదయం దాకా

"అన్నా, ఉన్న బాడీకి తోడు ఇంకొకటి తీసుకుందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావ్?" కర్నూలు, నంద్యాల, అనంతపురం మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే సగం మందికి అది పనికిరాదు. అందుకే మొత్తం పద్ధతిని వరుసగా రాస్తున్నాను. మీ దగ్గర ఇప్పటికే ఒక డిజిటల్ బాడీ (లెన్స్ కాక మిగతా కెమెరా), 400 నుంచి 600 మి.మీ. దాకా వెళ్లే లెన్స్ ఒకటి ఉన్నాయనుకుని చదవండి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తెల్లవారుజామున వెలుతురు రాకముందే, కన్ను వ్యూఫైండర్‌లో ఉండగానే, వేలు తడుముకోకుండా నడిపించగలిగేదే మంచి రెండో బాడీ. ఈ లెక్కన మొదటి బాడీతో మౌంట్ (లెన్స్ బిగించే నోరు), బ్యాటరీ, బటన్లు కలవడం ముఖ్యం. మెగాపిక్సెళ్లు, వేగం వాటి తర్వాతే.

## 1. డబ్బు తీయకముందు: పోయిన ఫోటోల జాబితా

వచ్చే మూడు ట్రిప్పుల్లో జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తీసిన ఫోటోలు రాయొద్దు, తప్పిపోయినవి రాయండి. ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు:

- "గార్గేయపురం చెరువు, ఉదయం 6.10. బాతులు గుంపుగా లేచాయి, 600 లెన్స్‌లో రెండే పట్టాయి."
- "రోళ్లపాడు. కృష్ణజింక దూరంగా ఉంది, ఫోటోలో బొటనవేలంత వచ్చింది."
- "బైర్లూటి సఫారి. వెదురు నీడలో దుప్పి, అంతా గ్రెయిన్, గరుకు చుక్కలు."
- "లెన్స్ మారుస్తుండగా తోడేలు దాటిపోయింది."

పది పదిహేను వాక్యాలు పోగయ్యేసరికి వాటిలో ఏదో ఒక రకం ఎక్కువసార్లు కనిపిస్తుంది. మీ రెండో బాడీ చేయాల్సిన పని అదే. జాబితా లేకుండా దుకాణానికి వెళితే, అక్కడ స్టాకులో ఏది ఉందో అదే మీ అవసరమని అనిపిస్తుంది.

## 2. ఒక్క పని తేల్చుకోండి

రెండో బాడీకి నాలుగు రకాల పనులు ఉంటాయి.

దగ్గరి ఫ్రేమ్. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే, ఇళ్ల పక్కనే గూళ్లు కడతాయి. చాలామంది వాటిని సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశపు పక్షులే. అక్కడ 600 మి.మీ. లెన్స్‌తో తల ఒక్కటే వస్తుంది. చెట్టు, గూడు, కింద అరుగు మీద కూర్చున్న మనుషులు, అన్నీ ఒక్క ఫ్రేములో కావాలంటే 70-200 గానీ 24-105 గానీ మి.మీ. లెన్స్ వేసిన ఇంకో బాడీ మెడలో ఉండాలి. ఈ పనికి ఖరీదైన బాడీ అవసరమే లేదు.

దూరం. రోళ్లపాడు గడ్డిమైదానంలో, పొలాల్లో తిరిగే జింకలు మిమ్మల్ని దగ్గరికి రానివ్వవు. ఇక్కడ క్రాప్ సెన్సార్ (వెలుతురును పట్టే సెన్సార్ చిన్నదిగా ఉండే రకం) సాయపడుతుంది. ఎంతవరకు సాయపడుతుందో నాలుగో మెట్టులో చూద్దాం.

తక్కువ వెలుతురు. నల్లమలలో పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ చెట్ల కింద చీకటే. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిలిమంత పెద్ద సెన్సార్) గురించి ఆలోచించాల్సింది ఇక్కడే.

ఆపద్ధర్మం. మొదటిది పాడైతే ట్రిప్పు ఆగకూడదు, అంతే. ఇందుకు మీ మొదటి బాడీ మోడలే సెకండ్ హ్యాండ్‌లో ఇంకొకటి కొనుక్కోవడం అన్నిటికన్నా తెలివైన పని. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

నాలుగూ ఒకే బాడీతో చేయించాలని చూస్తే బడ్జెట్ రెండింతలవుతుంది. ఒకటి ఎంచుకోండి. రెండోది దానంతట అదే కలిసివస్తే మంచిదే.

## 3. మూడు తాళాలు: మౌంట్, బ్యాటరీ, కార్డు

మోడళ్ల పోలికలు చూసేముందు ఈ మూడూ దాటించండి. ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ మోడల్‌ను పక్కన పెట్టడమే మేలు.

మౌంట్. రెండు బాడీల మధ్య లెన్స్ ఇటూ అటూ మారాలి. మీ మొదటిది డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న రకం) అయి, రెండోది మిర్రర్‌లెస్ (అద్దం లేని కొత్త రకం) తీసుకుంటే దారి ఒకవైపే తెరిచి ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ (డీఎస్ఎల్ఆర్) లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) బాడీలమీద బాగా పనిచేస్తాయి. ఆ అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు. కానీ ఆర్ఎఫ్ లెన్స్ పాత ఈఎఫ్ బాడీకి ఎక్కదు. నికాన్‌లోనూ అంతే, మిర్రర్‌లెస్ కోసం చేసిన జెడ్ లెన్స్ డీ500 డీఎస్ఎల్ఆర్‌కు ఎక్కదు. పాత నికాన్ లెన్సులను జెడ్ బాడీలకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద, లోపలే మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ ఉంటుంది, స్క్రూతో తిరిగే పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఉండదు. సిగ్మా, టామ్రాన్ 150-600 వాడేవాళ్లు అడాప్టర్ కొనేముందు లెన్స్‌కు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలేమో చూసుకోవాలి.

బ్యాటరీ. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అడవిలో రెండు రోజులుంటే తెలుస్తుంది దీని విలువ. కెనాన్ ఆర్7, ఆర్6, ఆర్5, 90డీ, 7డీ మార్క్ 2 అన్నీ ఎల్‌పీ-ఈ6 కుటుంబమే. ఆర్10, ఆర్50 మాత్రం ఎల్‌పీ-ఈ17 వాడతాయి. నికాన్ డీ500, డీ850, జెడ్6, జెడ్8 ఈఎన్-ఈఎల్15 కుటుంబం. జెడ్50, డీ5600 వేరు. సోనీలో ఏ7-4, ఏ6700 రెండింటికీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 సరిపోతుంది, ఏ6400కు కుదరదు. ఇంకో మెలిక: కుటుంబం ఒకటే అయినా పాత తరం బ్యాటరీ వేస్తే కొన్ని కొత్త బాడీలు పూర్తి వేగంతో ఫోటోలు తీయవు. ఆర్5 ఇందుకు ఉదాహరణ.

కార్డు. రెండూ ఎస్‌డీ కార్డులు వాడేవైతే హాయి. ఒకటి ఎస్‌డీ, ఇంకొకటి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ మాత్రమే అయితే రెండు రకాల కార్డులు, రెండు రీడర్లు, రెండింతల ఖర్చు.

నేను మొదటిసారి రెండో బాడీ కొన్నప్పుడు తక్కువ ధరకు వచ్చిందని వేరే మౌంట్‌ది తీసుకున్నాను. ఒక శీతాకాలం ఉదయం జింకల గుంపు ముందుంది. పెద్ద లెన్స్ ఉన్న బాడీలో బ్యాటరీ అయిపోయింది. రెండో బాడీ బ్యాటరీ దానికి పట్టదు, పెద్ద లెన్స్ రెండో బాడీకి ఎక్కదు. బ్యాగులో రెండు కెమెరాలు పెట్టుకుని గుంపు దాటిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ నెలలోనే దాన్ని నష్టానికి అమ్మేశాను.

## 4. సెన్సార్ లెక్క, కాగితం మీద

"క్రాప్ సెన్సార్‌తో 600 కాస్తా 900 అవుతుంది కదా" అంటారు. లెన్స్ మారదు, పక్షి పెద్దది కాదు. సెన్సార్ చిన్నది కాబట్టి చుట్టూ ఉన్నది పడదు, అంతే. అసలు తేడా పక్షి మీద ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్న దాంట్లో ఉంది. దాన్ని మీరే లెక్క కట్టొచ్చు.

ఫుల్‌ఫ్రేమ్ మెగాపిక్సెళ్లను నికాన్, సోనీ అయితే 2.25తోనూ, కెనాన్ అయితే 2.56తోనూ భాగించండి. క్రాప్ సెన్సారంత భాగంలో ఎన్ని పిక్సెళ్లున్నాయో వస్తుంది.

- 24 మెగాపిక్సెళ్ల కెనాన్ ఫుల్‌ఫ్రేమ్: సుమారు 9.4. పక్కన ఆర్7 పెడితే దానికి 32.5. దూరపు జింకకు ఇది పెద్ద తేడా.
- నికాన్ డీ850లో డీఎక్స్ క్రాప్ (క్రాప్ సెన్సారంత భాగమే వాడే సెట్టింగ్) పెడితే 19.4. డీ500కు 20.9. దూరం విషయంలో రెండూ దాదాపు సమానం.

అంటే, మొదటి బాడీ 45 మెగాపిక్సెళ్లదైతే దూరం కోసమని 20 మెగాపిక్సెళ్ల క్రాప్ బాడీ కొనడం వృథా. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవాళ్లకు మాత్రం అదే క్రాప్ బాడీ నిజంగా తోడవుతుంది. ఏ4 సైజు మంచి ప్రింటుకు 9 మెగాపిక్సెళ్లు చాలు, అదీ గుర్తుంచుకోండి.

గ్రెయిన్ సంగతి. ఫ్రేము నిండా జంతువు ఉంటే ఫుల్‌ఫ్రేమ్ ఒక స్టాప్ (వెలుతురు రెండింతలైనంత) పైచిలుకు మేలు. కానీ అదే లెన్స్‌తో, అదే దూరం నుంచి తీసి, తర్వాత కంప్యూటర్‌లో సగానికి కత్తిరిస్తే ఆ మేలు దాదాపు పోతుంది. నల్లమలలో జీపుకు దగ్గరగా వచ్చే దుప్పికి ఫుల్‌ఫ్రేమ్ పనికొస్తుంది. చెరువు అవతలి గట్టున ఉన్న పక్షికి దానివల్ల పెద్ద లాభం లేదు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఎండాకాలం తొమ్మిది దాటాక నల్లరేగడి పొలాల మీద సెగ లేస్తుంది. గాలి నీళ్లలా ఆడుతుంది. అప్పుడు 200 మీటర్ల దూరంలో ఉన్న జింక ఏ సెన్సార్‌తో తీసినా మెత్తగానే వస్తుంది. మీ జాబితాలో "దూరం" అని రాసినవన్నీ ఏ సమయంలో తీసినవో చూడండి. తొమ్మిది తర్వాతివే ఎక్కువైతే కొత్త బాడీ అక్కర్లేదు, ఒక గంట ముందు బయల్దేరితే చాలు.

## 5. వేగం, షట్టర్

సెకనుకు పది ఫోటోలు మన పనికి ధారాళంగా సరిపోతాయి. ఆ సంఖ్య కన్నా, రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైళ్లు) తీస్తూ బటన్ నొక్కి పట్టుకుంటే ఎన్ని సెకన్లకు కెమెరా నెమ్మదిస్తుందో చూడండి. కనీసం మూడు సెకన్లదాకా నెమ్మదించకూడదు.

ఎలక్ట్రానిక్ షట్టర్‌తో జాగ్రత్త. సెన్సార్ పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది. చదవడం నెమ్మదైతే, లకుముకిపిట్ట రెక్క కొట్టేలోపు ఫోటోలో ఆ రెక్క వంకరపోతుంది. స్టాక్డ్ సెన్సార్ (చాలా వేగంగా చదివే రకం) ఉన్న జెడ్8 లాంటి వాటిలో ఈ ఇబ్బంది లేనట్టే. ఆర్7లో బాగా కనిపిస్తుంది, ఎగిరే పక్షులకు దాంట్లో మెకానికల్ షట్టరే వాడండి.

దుకాణంలో పరీక్ష సులువు: ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి, నిలువుగా ఉన్న తలుపు చట్రం మీదుగా కెమెరాను వేగంగా పక్కకు తిప్పుతూ ఫోటోలు తీయండి. చట్రం ఎంత వాలితే సెన్సార్ అంత నెమ్మదని అర్థం.

వీడియో ఫార్మాట్లు, తెర తిరిగే తీరు, వైఫై ఈ నిర్ణయంలోకి రావు.

## 6. డబ్బు లెక్క

బడ్జెట్‌లోంచి ముందు ఇవి తీసేయండి, మిగిలిందే బాడీకి:

- అదనపు బ్యాటరీ ఒకటి, కంపెనీదే
- వేగమైన కార్డులు రెండు
- అడాప్టర్, అవసరమైతే
- రెండు కెమెరాలు మోసే భుజం పట్టీ
- బీమా

కొత్తది కొంటుంటే జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, భారత్‌లో చెల్లే వారంటీ కార్డు అడగండి. ధర మరీ తక్కువ చెప్పారంటే బయటి దేశపు వారంటీ సరుకు కావచ్చు. సర్వీస్ అవసరమైనప్పుడు మన ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పోవాలి. వారంటీ చెల్లకపోతే ఆ ప్రయాణమూ దండగ, రిపేరు ఖర్చూ మనదే.

## 7. సెకండ్ హ్యాండ్ బాడీని చూసే పద్ధతి

రెండో బాడీకి నేను ఎక్కువగా సిఫార్సు చేసేది సెకండ్ హ్యాండే. కొరియర్‌లో తెప్పించుకోకండి. ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా ముప్పావు గంట చూడండి. మీ పెద్ద లెన్స్, మీ కార్డు, మీ బ్యాటరీ, ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి.

ముందు కాగితాలు. అసలు బిల్లు మీది సీరియల్ నంబరు బాడీ మీద ఉన్నదానితో కలవాలి. బిల్లు లేదంటే లేచి వచ్చేయండి. దొంగ సరుకు కాదని తేల్చుకోవడానికి మీ దగ్గర వేరే దారి లేదు.

షట్టర్ కౌంట్, అంటే ఆ బాడీతో ఇప్పటిదాకా తీసిన ఫోటోల సంఖ్య. నికాన్‌లో అప్పుడే తీసిన ఫోటో ఫైలులోనే ఉంటుంది, ఎగ్జిఫ్ (ఫైలులో దాగి ఉండే ఫోటో వివరాలు) చూపించే ప్రోగ్రామ్‌లో తెరవండి. కెనాన్‌లో చాలా మోడళ్లు ఫైలులో రాయవు, సర్వీస్ సెంటర్‌లో గానీ ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో గానీ చూడాలి. ఫైలు పేరులోని నంబరు నమ్మొద్దు, అది 9999 దాటగానే మళ్లీ మొదలవుతుంది. డీ500, డీ850, 7డీ మార్క్ 2 షట్టర్లను 2 లక్షల ఫోటోలకు పరీక్షించారు. 60 వేలు నడిచిన డీ500 అంటే ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే. జెడ్8కు మెకానికల్ షట్టరే లేదు, అక్కడ ఈ సంఖ్యతో పని లేదు.

సెన్సార్. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్16 పెట్టి, తెల్లగోడనో ఆకాశాన్నో ఫోకస్ చెదరగొట్టి తీయండి. నల్లచుక్కలుంటే అది దుమ్ము, కడిగితే పోతుంది. గీతలా, తీగలా కనిపిస్తే గాటు కావచ్చు, వదిలేయండి. తర్వాత మూత పెట్టి పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో నూరు శాతం పెంచి చూడండి. రంగు చుక్కలు రెండు మూడు ఉంటే ఫర్వాలేదు, ఆకాశంలో చుక్కల్లా ఉంటే వద్దు.

మౌంట్. పెద్ద లెన్స్ బిగించి మెల్లగా ఊపండి. వదులుగా ఉండకూడదు. మౌంట్ చుట్టూ స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. బరువు లెన్సులు వాడిన బాడీల్లో ముందు అరిగేది ఇదే.

ఫోకస్. డీఎస్ఎల్ఆర్ అయితే పదిహేను అడుగుల దూరంలో వార్తాపత్రికను ఏటవాలుగా పెట్టి, మీ లెన్స్‌తో, పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో తీయండి. ఫోకస్ పెట్టిన వరుస కాక ముందువో వెనకవో స్పష్టంగా వస్తే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (కెమెరాలోనే ఆటోఫోకస్‌ను సరిదిద్దే సెట్టింగ్) చేయాలి. డీ3500, డీ5600 వంటి చిన్న బాడీల్లో ఆ సౌకర్యమే లేదు, వాటిని పెద్ద లెన్స్ కోసం తీసుకోవద్దని చెప్పేది అందుకే. మిర్రర్‌లెస్‌కు ఈ పరీక్ష అక్కర్లేదు.

మిగతావి, వరుసగా:

- ప్రతి బటన్, ప్రతి డయల్ పదిసార్లు. ఒకసారి నొక్కితే రెండుసార్లు పనిచేసినా తప్పే
- కార్డు స్లాట్లు రెండూ, విడివిడిగా
- ట్రైపాడ్ రంధ్రంలో మరలు
- పట్టు రబ్బరు ఊడివచ్చిందా, మూతల అంచుల్లో రబ్బరు చినిగిందా
- బ్యాటరీ గదిలో పచ్చటి, తెల్లటి మరకలు. ఇవి తడిసిన గుర్తులు
- వంద ఫోటోలు వరసగా. ఎర్రర్ వచ్చిందంటే మాట్లాడకుండా తిరిగిచ్చేయండి

## 8. ముందు రెండు రోజులు అద్దెకు

కొత్తది కొంటున్నా, వీలైతే అదే మోడల్ అద్దెకు తెచ్చి మీ చెరువు దగ్గర రెండు ఉదయాలు వాడండి. గార్గేయపురం అయినా, మీ ఊరి కుంట అయినా సరే, రోజూ వెళ్లే చోటే వెళ్లండి. అలవాటైన పక్షులమీదే తేడా తెలుస్తుంది.

మొదటి ఉదయం కొత్తది ఒక్కటే వాడండి. రెండో ఉదయం రెండూ వాడండి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ వేలు తప్పు బటన్ మీద పడిందా? జూమ్ రింగ్ తిరిగే దిక్కు, ఫోకస్ బటన్ చోటు, ఐఎస్‌ఓ డయల్, ఈ మూడింట్లో ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. సెట్టింగులతో సరిదిద్దగలిగినవైతే కొనండి. బటన్ ఉన్న చోటే వేరైతే ఆ తడబాటు పోదు.

## 9. కొన్నాక: రెండింటినీ జత చేయడం

ఇంట్లో, టేబుల్ మీద, తీరిగ్గా చేయండి.

1. రెండు కెమెరాల గడియారాలను ఒకే సెకనుకు కలపండి. ఇది మరిస్తే కంప్యూటర్‌లో రెండు కార్డుల ఫోటోలు కలిపినప్పుడు వరుస చెడిపోతుంది.
2. ఫైలు పేరు ముందు అక్షరాలు వేర్వేరుగా పెట్టండి, లేదంటే ఒకే పేరుతో రెండు ఫోటోలు వచ్చి ఒకటి ఇంకోదాన్ని చెరిపేయొచ్చు.
3. వెనక బటన్‌తో ఫోకస్, ఐఎస్‌ఓ, డ్రైవ్ మోడ్ రెండింట్లోనూ ఒకే చోట ఉండేలా మార్చండి.
4. కస్టమ్ మోడ్‌లలో మొదటిది ఎగిరే పక్షికి, రెండోది కూర్చున్న జంతువుకి. రెండు బాడీల్లోనూ ఇదే వరుస.
5. ఒక బాడీ పట్టీకి ఎర్ర టేపు చుట్టండి. మసక వెలుతురులో చేయి దానిమీదకే పోతుంది.
6. ట్రిప్పుకు ముందురోజు రెండింట్లోనూ కార్డులు ఫార్మాట్, బ్యాటరీలు ఫుల్.

జీపులో పెద్ద లెన్స్ బీన్‌బ్యాగ్ మీద, రెండోది ఒళ్లో, పైన తడిలేని తువ్వాలు. బీన్‌బ్యాగ్‌లోకి నేను శనగలు పోస్తాను. మనదగ్గర ఎక్కడైనా దొరుకుతాయి, బరువుగా కుదురుతాయి, ఇంటికొచ్చాక వండుకోవచ్చు.

## 10. ఎక్కువగా చేసే తప్పులు, దిద్దుబాట్లు

రెండు బాడీలున్నా పొలంలో లెన్సులు మార్చడం. రెండోది కొన్నదే ఇది మానడానికి. అనంతపురం ఎర్రమట్టి, కర్నూలు నల్లరేగడి దుమ్ము రెండూ సన్నగా ఉండి సెన్సార్‌కు పట్టుకుంటాయి. బయల్దేరేముందే ఏ లెన్స్ దేనికో నిర్ణయించి, రోజంతా అలాగే ఉంచండి. తప్పనిసరైతే కారు అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, బాడీ నోరు కిందికి పెట్టి మార్చండి.

రెండూ ఒకేసారి వాడాలని చూడడం. జంతువు కదులుతుంటే చేతిలో ఉన్నదానితోనే పూర్తి చేయండి. అది ఆగాక మార్చండి.

పెద్ద లెన్స్‌కు పాత బాడీ, చిన్న లెన్స్‌కు కొత్త బాడీ. ఆటోఫోకస్ బాగున్న బాడీయే ఎప్పుడూ పెద్ద లెన్స్‌కు. కొత్తదనే మోజుతో దాన్ని మెడలో వేసుకోవద్దు.

రెండో బాడీ బ్యాగులోనే ఉండిపోవడం. జిప్పు తీసే లోపు పాలపిట్ట ఎగిరిపోతుంది. భుజాన లేని కెమెరా ఇంట్లో ఉన్నట్టే. బరువు మోయలేకపోతే చిన్న బాడీకి మార్చుకోండి.

ఏసీ గదిలోంచి నేరుగా ఎండలోకి. వానాకాలం ఉక్కలో లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. బ్యాగు మూసి ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

రెండు కెమెరాల ధైర్యంతో దగ్గరికి పోవడం. గూళ్ల దగ్గర ఫ్లాష్ వద్దు. కడప జిల్లా లంకమల వైపు కలివికోడి (రాత్రిపూట తిరిగే చాలా అరుదైన పక్షి) ఉండే చోట్ల రాత్రిపూట టార్చి లైట్లతో వెతకొద్దు. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో అటవీశాఖ అనుమతించిన దారులు, సమయాలు దాటి ఒక్క అడుగు కూడా వేయకండి.

## 11. తిరిగొచ్చిన రాత్రి

- రెండు కార్డులూ రెండు చోట్లకు కాపీ, ఆ తర్వాతే ఫార్మాట్
- బాడీల మీద దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులిపి, తర్వాత కొద్దిగా తడిపిన బట్ట. బ్రష్ కన్నా ముందు బట్ట పెడితే ఇసుక గీరుతుంది
- మౌంట్ చుట్టూ గాలి బుడ్డితో ఊదాలి, నోటితో వద్దు
- రెండింటి గడియారాలు మళ్లీ సరిచూడడం, నెలకు కొన్ని సెకన్లు జారతాయి
- నోట్‌బుక్‌లో ఆ రోజు తప్పిపోయిన ఫోటోలు

ఆ జాబితా రెండో బాడీ కొన్నాక కూడా ఆపొద్దు. మూడు నెలల తర్వాత కూడా మొదట్లో ఉన్న ఫిర్యాదే కనిపిస్తుంటే, సెట్టింగులన్నీ మరోసారి చూసుకుని, అప్పటికీ మారకపోతే ధర పడిపోకముందే ఆ బాడీని అమ్మేయండి. పెట్టె, బిల్లు, వారంటీ కార్డు దాచిపెట్టుకోమనేది అందుకే.